గొంతుకేం కాలేదు కదా?

మా ఆయనకు క్యాన్సర్ అని తెలిసిన వారంలో ఫోన్ చేసిన ప్రతివాడూ నన్ను ఒకటే ప్రశ్న అడిగాడు. "గొంతుకా అండీ?" కాదు, లింఫ్ గ్రంథులకు వచ్చింది, లింఫోమా అంటారు అని చెప్పగానే అవతల నుంచి "హమ్మయ్య" అని వినబడేది. హమ్మయ్యట! మనిషి మెడ పక్కన నిమ్మకాయంత గడ్డ లేచి కూర్చుంటే వీళ్ళకు హమ్మయ్య. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి తోమిన గిన్నెలే మళ్ళీ తోమేదాన్ని. ఆ చప్పుడుకు కింది వాటా ఆవిడ పైకొచ్చి ఏమైందని అడిగేది. ఆవిడా చివరికి అదే అడిగింది, గొంతుకేం కాలేదు కదా అని.

మా ఆయన డబ్బింగ్ ఆర్టిస్టు. ముంబై నుంచి దిగే విలన్లకు తెలుగు రాదు కదా, వాళ్ళ నోట్లో మెదిలే తెలుగు మా ఆయనది. మీరు ఆయన మొహం ఎప్పుడూ చూసి ఉండరు, గొంతు మాత్రం తప్పక విని ఉంటారు. ఆయనది గుంటూరు వైపు. నేను ఇక్కడ యూసఫ్‌గూడలో పుట్టినదాన్ని. మధురానగర్‌లో ఉంటాం. నేను రహమత్ నగర్ ప్రభుత్వ బడిలో జీవశాస్త్రం చెబుతాను. తరగతి గదిలో పుస్తకం భాష మాట్లాడతాను గానీ కోపమొస్తే మా అమ్మ భాషే వస్తుంది. ఆ ఏడాదంతా నేను మా అమ్మ భాషే మాట్లాడాను.

మొదట కీమో ఇచ్చారు. జుట్టు పోయింది, గడ్డా పోయింది. స్వీట్లు పంచాం. ఏడాది తిరక్కుండానే గడ్డ మళ్ళీ వచ్చింది, ఈసారి ఇంకో రెంటిని వెంటేసుకుని. అప్పుడు జూబ్లీ హిల్స్‌లో మేం వెళ్ళే ఆస్పత్రిలో డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి కొత్త వైద్యం సంగతి చెప్పింది.

పదో తరగతి పిల్లలకు తెల్లరక్తకణాలంటే మన సైనికులు అని బొమ్మ గీసి చెబుతాను. మరి ఆ సైనికులు క్యాన్సర్ కణాన్ని ఎందుకు పట్టుకోరు అనేది మా పుస్తకంలో లేదు. డాక్టరమ్మ చెప్పింది. క్యాన్సర్ కణం బయటి నుంచి వచ్చిన క్రిమి కాదు, మన ఒంట్లో పుట్టిందే. అందుకని టి-కణాలు, అంటే తెల్లరక్తకణాల్లోనే ఒక రకం, దాని పక్క నుంచే వెళ్ళిపోతాయి, పట్టించుకోవు. ఇప్పుడేం చేస్తారంటే, మనిషి రక్తంలోంచి ఆ టి-కణాలను యంత్రంతో వేరు చేసి ల్యాబ్‌కు పంపిస్తారు. అక్కడ వాటిలో ఒక కొత్త జన్యువు పెడతారు. దాంతో కణం పైన ఒక కొక్కెం లాంటిది మొలుస్తుంది. ఆ కొక్కెం ఈ లింఫోమా కణాల మీదుండే ఒక గుర్తును పట్టుకుంటుంది. అలా మార్చిన కణాలను కోట్లలో పెంచి మళ్ళీ అదే మనిషికి ఎక్కిస్తారు. ఒకప్పుడు విదేశాలకే వెళ్ళాల్సి వచ్చేదట, ఇప్పుడు మన దేశంలోనే తయారు చేస్తున్నారు. "అందరికీ పనిచేస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది. ఆ ఒక్క మాటకు నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది.

ఇదొక్కటే మాకు మిగిలిన దారి అని కూడా దాచకుండా చెప్పింది.

"కీమోతో ఇప్పటికే మీ టి-కణాలు అలిసిపోయి ఉన్నాయి. ఉన్నవి బాగుండాలి. అందుకని కణాల సేకరణ అయ్యేదాకా స్టెరాయిడ్లు ఏ రూపంలోనూ ఒంట్లోకి వెళ్ళకూడదు. అవి ఈ కణాలను అణిచేస్తాయి" అని గట్టిగా చెప్పింది.

"నాకెందుకు మేడం స్టెరాయిడ్లు? నేనేమన్నా సిక్స్‌ప్యాక్ హీరోనా?" అన్నాడు మా ఆయన తన విలన్ నవ్వు నవ్వి. డాక్టరమ్మ కూడా నవ్వింది. ఈయన ఆ విలన్ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సోమవారం సేకరణ. ల్యాబ్‌లో మా పేరున రోజు ఖాయం చేశారు. అదే సమయానికి ఆయన చేతిలో ఒక పెద్ద సినిమా ఉంది. విలన్ డబ్బింగ్ చాలావరకు అయిపోయింది, ఆఖరి రెండు రీళ్ళు మిగిలాయి. విడుదల తేదీ పోస్టర్ల మీద ఎక్కేసింది. ఈయనకేమో జలుబు చేసి గొంతు బొంగురుపోయింది. ఆదివారం పొద్దున కాఫీ అడిగితే చిరిగిన డప్పు మోగినట్టుంది. మధ్యాహ్నం ప్రొడక్షన్ కారు వచ్చి కింద ఆగింది.

"ఎక్కడికి?"

"ఊరికే, కనబడి వస్తానే. వాళ్ళు కంగారు పడుతున్నారు."

సాయంత్రం వచ్చి అన్నం తిని పడుకున్నాడు. నేను మర్నాటి కోసం సంచి సర్దుకునే హడావిడిలో ఉన్నాను.

సోమవారం పొద్దున ఆస్పత్రిలో రక్తం తీసుకెళ్ళారు. మేం ఎదురు చూస్తున్నాం. నర్సు కాదు, డాక్టరమ్మే స్వయంగా వచ్చింది. మొహం బాగాలేదు. రక్తంలో చక్కెర అమాంతం పెరిగిందట, కావలసిన కణాల సంఖ్య బాగా పడిపోయిందట.

"ఏమైనా మందు తీసుకున్నారా?"

"లేదు మేడం. ఏ మందూ వేసుకోలేదు. కావాలంటే మా ఆవిణ్ణి అడగండి."

ఆ మాట విని చప్పున ఆయన వైపు తిరిగాను. ఏం అన్నాడన్నది కాదు, ఎలా అన్నాడన్నది. గంట కొట్టినట్టుంది గొంతు. నిన్న పొద్దున చిరిగిన డప్పు, ఇవాళ గుడి గంట. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ గొంతు వింటున్నదాన్ని. రాత్రికి రాత్రి అలా తెరుచుకుంటే దానికి ఒకటే కారణం.

"నిన్న గొంతు ఇంజెక్షన్ చేయించుకున్నావా?"

"ఆఁ, చేశారు. అది మందేంటే? గొంతు ఇంజెక్షనే కదా?"

డాక్టరమ్మ చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఫిల్మ్ నగర్‌లో ఈ సంగతి తెలియనివాడు లేడు. విడుదల దగ్గర పడ్డప్పుడు పాడేవాళ్ళకో డబ్బింగ్ చెప్పేవాళ్ళకో గొంతు పడిపోతే ఒక డాక్టరు చిన్న సంచీతో రికార్డింగ్ థియేటర్‌కే వస్తాడు. నడుం మీద ఒక సూది. కాసేపటికి గొంతు వాపు దిగిపోతుంది, మైకు ముందుకు పరిగెత్తొచ్చు. టీ, టిఫిన్, గొంతు ఇంజెక్షన్, ఈ మూడూ ప్రొడక్షన్ వాళ్ళే చూసుకుంటారు. అందులో ఉండేది స్టెరాయిడ్ అని వేసినవాడు చెప్పడు, వేయించుకున్నవాడు అడగడు. వేడినీళ్ళు, మిరియాల కషాయం, గొంతు ఇంజెక్షన్ ఒకే వరసలో ఉంటాయి వాళ్ళ లెక్కలో. రోగం తగ్గించేదాన్నే వాళ్ళు మందంటారు. ఇది పని జరగడానికి చేసేది, అంతే. ఎవరి ఒంట్లో ఏముందో తెలుసుకోకుండా ఆ సంచీ తెరిచే ఆ పెద్దమనిషిని డాక్టరని ఎలా అంటారో నాకు అర్థం కాదు. డాక్టరట డాక్టరు!

సేకరణ ఆగిపోయింది. మందు ఒంట్లోంచి పోవాలి, కణాలు మళ్ళీ లేవాలి. ల్యాబ్‌లో మాకిచ్చిన రోజు ఇంకెవరికో వెళ్ళిపోయింది. మళ్ళీ ఎప్పుడిస్తారో వాళ్ళే చెప్పాలి. "గడ్డ మనకోసం ఆగదు" అంది డాక్టరమ్మ. ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆయన్ను ఆటో ఎక్కించి ఇంటికి పంపి, నేను ఇంకో ఆటోలో ఫిల్మ్ నగర్ వెళ్ళాను. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. డబ్బింగ్ థియేటర్ బయట ప్రొడక్షన్ మేనేజర్ క్యారియర్ విప్పుకుంటున్నాడు. రహమత్ నగర్ మనిషి, మా బడి వెనక సందులోనే వాళ్ళ ఇల్లు. నన్ను అక్కా అంటాడు.

"ఏందక్కా, గిట్లొచ్చినవ్? అన్న మంచిగున్నడా? గొంతు ఖుల్లా అయిందా?"

"మల్ల గొంతేనా! గొంతు తప్ప ఇంకేం కనబడదా మీకు? గా సూది ఎవలేసిర్రు ఆయనకు?"

"మన డాక్టర్ సాబే అక్కా. ఎప్పటికి ఇచ్చేదే కద. మేమేమన్న విషమిచ్చినమా?"

"విషమే ఇచ్చిర్రు! ఇయ్యాల ఆయన కణాలు తీసేదుండె. గా సూదితోని ఆగిపోయింది. మల్ల ఎన్నడు తీస్తరో ఎవ్వలకు తెల్వది. మెడ మీద గడ్డ రోజు రోజుకు పెరుగుతుంది, చూసినవా నువ్వు? కండ్లు పెట్టి చూసినవా?"

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "ఒట్టు అక్కా, నాకు తెల్వది. రేపు దవాఖానకు పోవాలె కద, ఆరాం చెయ్యన్నా అని చెప్పిన. ఇనలే. అన్ననే అడిగిండు డాక్టర్ సాబ్‌ను పిలువుమని."

అన్ననే అడిగిండు. నేను తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

అంతలో ఎవరో లోపలి తలుపు తీశారు. లోపలి నుంచి మా ఆయన నవ్వు వినబడింది. నిన్న చెప్పింది వేసుకుని సరిచూసుకుంటున్నారు. తెర మీద ఆ ముంబై ఆజానుబాహుడు పెదాలు కదుపుతుంటే మా ఆయన గొంతు గది గోడలు అదిరేలా మోగుతోంది. బాగుంది. ఎంత బాగుందంటే నాకు ఆ మైకు పీకి విసిరికొట్టాలనిపించింది.

"ఇంక ఒక్క రీలే ఉందక్కా..." అని గొణిగాడు మేనేజర్. నేను చూసిన చూపుకు మిగతా మాట మింగేశాడు.

ఇంటికొచ్చేసరికి ఈయన సోఫాలో ముడుచుకుని కూర్చున్నాడు. ఎందుకు అడిగావయ్యా అన్నాను. "సినిమా అంతా నేను చెప్పి ఆఖరి రీళ్ళు ఇంకొకడు చెబితే తెలిసిపోతుందే. ఒక పాత్రకు రెండు గొంతులు ఉండకూడదు."

"మరి నీకు రెండు పానాలున్నయా?"

నేను ఆ రాత్రి వంట చేయలేదు. ఆయనే లేచి ఉప్మా చేసి పళ్ళెం నా ముందు పెట్టాడు. తిన్నాను, మాట్లాడలేదు.

ల్యాబ్ నుంచి కబురు వచ్చేదాకా రోజులు ఎలా గడిచాయో నాకే తెలియాలి. పొద్దున ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటుంటే నేను తలుపు దగ్గర నిలబడి మెడ వైపు చూసేదాన్ని. నిమ్మకాయ బత్తాయి అయింది. చొక్కా కాలరు గుండీ పట్టడం మానేసింది. ఈలోగా బంధువుల ఫోన్లు, వీడియోలు. ఒకావిడ ఏదో ఆకు రసం తాగమంటుంది, ఇంకొకాయన క్యాన్సర్‌కు మందు దొరికేసిందిట కదమ్మా అంటాడు. దొరికేసింది, కిరాణా కొట్లో పావు కిలో పొట్లం కట్టి ఇస్తున్నారు! క్యాన్సర్ ఒక్క రోగమైతే కదా ఒక్క మందు దొరకడానికి. పరీక్షలకు ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మా పక్కన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో ఒకామె ఉండేది. మాకు చెప్పిన ఈ కణాల వైద్యం నాకూ చేయండి అని డాక్టరమ్మను బతిమాలింది. గట్టి గడ్డల్లోకి ఈ కణాలు సరిగా చొరబడలేకపోతున్నాయి, చొరబడ్డా లోపల నీరసించిపోతున్నాయి, దాని మీద పరిశోధనలు జరుగుతున్నాయి తల్లీ అని చెప్పాల్సి వచ్చింది. ఆమె మొహం చూశాక నాకు ఈయన మీద కోపం ఇంకా పెరిగింది. ఆమె అడిగితే దొరకనిదాన్ని ఈయన ఒక రీలు కోసం పారబోసుకోబోయాడు.

చివరికి కబురు వచ్చింది. పొద్దున్నుంచి యంత్రం పక్కన పడుకోబెట్టి ఒక చేతి నుంచి రక్తం తీస్తూ ఇంకో చేతికి ఎక్కిస్తూ కణాలు వేరు చేశారు. ఈసారి చాలినన్ని వచ్చాయి. అవి ల్యాబ్‌కు వెళ్ళాయి, మారాయి, పెరిగాయి, గడ్డకట్టి పెట్టెలో తిరిగి వచ్చాయి. ఎక్కించే రోజు నేను ఏదో పెద్ద తతంగం ఉంటుందనుకున్నాను. అరచేతిలో పట్టేంత సంచీ. సెలైన్ కంటే ముందే అయిపోయింది. గదంతా ఉడికించిన మొక్కజొన్న కంకుల వాసన వేసింది, కణాలను గడ్డకట్టించి దాచే ద్రవం వాసనట అది. "ఇంతేనా?" అన్నాడాయన.

అంతే కాదు. జ్వరం పట్టుకుంది. అది రావాల్సిందే, కణాలు పని మొదలుపెట్టాయని గుర్తు అన్నారు. మెదడు మీద ప్రభావం పడుతుందేమో చూడటానికి నర్సు పూటపూటా వచ్చి చిన్న పరీక్ష పెట్టేది. ఇదేమిటి, అదేమిటి అని వస్తువులు చూపించాలి. వందలోంచి పది పది తగ్గిస్తూ లెక్క చెప్పించాలి. ఒక వాక్యం రాయించాలి. మా ఆయనకు అదొక ఆట. "వంద... తొంభై... ఎనభై..." అని విలన్ హీరోకు గడువు పెడుతున్నట్టు చెబితే ఆ అమ్మాయి పడీ పడీ నవ్వేది. పక్క గదుల రోగుల బంధువులు కూడా వినడానికి వచ్చేవాళ్ళు. చాల్లే సంబడం అని కసిరేదాన్ని గానీ నాకూ ధైర్యంగా ఉండేది.

ఒకరోజు పొద్దున ఆ అమ్మాయి పెన్ను చూపించింది. ఇదేమిటి సార్ అంది. ఆయన దాని వైపు చూశాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. నా వైపు చూశాడు. ఎన్ని వేల మాటలు పలికిన మనిషి, పెన్ను అనే రెండక్షరాలు దొరక్క చిన్నపిల్లాడిలా నా మొహం చూస్తున్నాడు. నేను వరండాలోకి వెళ్ళి డాక్టరమ్మ కోసం కేకేశాను.

డాక్టరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. చూసి, నర్సుకు మందు చెప్పింది. ఏమిటది అని అడిగాను. స్టెరాయిడ్ అంది.

"ఏంది? ఏమంటున్నవ్ మేడం? గదే మందు! గదే మందు వద్దని ఇన్ని దినాలు మమ్మల్ని కూసోబెట్టిర్రు కద! ఇయ్యాల మీరే ఇస్తరా?" అని ఆస్పత్రి మొత్తం వినబడేలా అరిచాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది. "అప్పుడు కణాలు బలంగా ఉండాలి, అందుకని వద్దన్నాను. ఇప్పుడు అవి కోట్లలో పెరిగి పని చేస్తున్నాయి. ఆ హోరుకు మెదడు వాచిపోతోంది. కాసేపు వాటిని శాంతపరచాలి. మందు అదే. ఎప్పుడు, ఎవరికి, ఎందుకు అని చూసి ఇస్తున్నాను." చూసి ఇస్తున్నాను! ఆ ఫిల్మ్ నగర్ సంచీ మనిషి చేయని పని అదొక్కటే కదా. నేను సరేనని తలూపి గోడకు ఆనుకుని నిలబడ్డాను. అదే మందు సూదిలోకి ఎక్కుతుంటే చూస్తూ, ఈసారి పనిచేయమని దానికే మొక్కుకున్నాను.

మర్నాడు సాయంత్రం ఆయన దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి నర్సు జేబు వైపు చూపించి "పెన్ను" అన్నాడు. గొంతు గొంతులా లేదు. గాలి ఎక్కువ, మాట తక్కువ. నాకు అంతకంటే మంచి డైలాగ్ ఆయన నోటి నుంచి ఎప్పుడూ వినబడలేదు.

తరవాత స్కాన్‌లో గడ్డలు లేవు. "ప్రస్తుతానికి లేవు" అంది డాక్టరమ్మ, ఆ "ప్రస్తుతానికి" అనే మాట వదలకుండా. వదలొద్దనే నేనూ అనుకున్నాను. ఇంట్లో మాస్కులు, వేడి వేడిగా వండిన అన్నం, బయటివాళ్ళు ఎవరూ రాకూడదు. మళ్ళీ గిన్నెలు తోముకున్నాను, ఈసారి చప్పుడు లేకుండా.

మొన్న ఆ సినిమా టీవీలో వచ్చింది. ఇద్దరం కూర్చుని చూశాం. ఆఖరి రీలు రాగానే నేను చెవులు రిక్కించాను. విలన్ నోరు తెరిచాడు. మా ఆయన గొంతు కాదది. ఎవరో కుర్రాడు ఈయనలాగే చెప్పాడు. ఒక్క మధ్యాహ్నంలో అయిపోయిందట. మా చెల్లెలికి ఫోన్ చేసి తేడా ఏమైనా తెలిసిందా అని అడిగాను. "తేడానా? ఎక్కడ? బావే కద చెప్పింది?" అంది. సినిమా ఆడినన్నాళ్ళూ ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ విలన్ గొంతు మారిందేమిటని అడగలేదు.

"బాగానే చెప్పాడు" అన్నాడు మా ఆయన, టీవీ వైపే చూస్తూ.

నాకు తిక్క రేగింది. ఒక్క మధ్యాహ్నం పని! ఎవడో కుర్రాడు టీ తాగి చెప్పి ఇంటికి పోయిన పని! దానికోసం ఈ మనిషి నడుం మీద సూది పొడిపించుకుని నా కొంప ముంచబోయాడు. ఇంకా ఏదో అనబోతుంటే నా ఫోన్ మోగింది. మేనేజర్. స్పీకర్ పెట్టి బల్ల మీద పెట్టాను.

"అక్కా, నమస్తే. అన్న గొంతెట్లుంది? ఒక మంచి పిక్చర్ వచ్చింది. బాంబే విలనే. అన్నయితేనే మంచిగుంటదని డైరెక్టర్ సాబ్ అంటున్నడు. సూది ముచ్చట లేదక్కా, నా పిల్లల మీద ఒట్టు. గొంతు జర సెట్ అయిందంటే..."

నేను నోరు తెరవబోయాను. మా ఆయన చెయ్యెత్తి ఆపాడు. ముందుకు వంగి ఫోన్ దగ్గర నోరు పెట్టాడు. మైకు ముందు వంగినట్టే వంగాడు.

"తమ్ముడూ, నా గొంతు బాగాలేదు. నేను బాగున్నాను."

ఆయన ఫోన్ ఆపేసి నాకిచ్చాడు. ఈ ముక్క ఆ ఆదివారం చెప్పడానికి నీకేమొచ్చిందయ్యా అని అరిచాను. కింది వాటా ఆవిడ పైకొచ్చి తలుపు కొడుతున్నా ఆపలేదు. అరుస్తూనే ఏడ్చాను.